ఆటకూ పనికీ ఒకే తెర: ఓలెడ్ మానిటర్‌ను ఎటు నుంచి ఎంచుకోవాలి?

కంప్యూటర్ మానిటర్ మార్చాలనుకునేవారికి ఇప్పుడు ఓలెడ్ అన్న మాట తప్పకుండా ఎదురవుతుంది. ఫోన్లలోనూ టెలివిజన్లలోనూ ఎంతో ముందుగా స్థిరపడిన ఈ తెరలు బల్ల మీది మానిటర్లలోకి రావడానికి చాలా కాలం పట్టింది. 2022లో డెల్ సంస్థ ఏలియన్‌వేర్ పేరుతో 34 అంగుళాల వంపు మానిటర్‌ను విడుదల చేశాక ఆటలాడేవారి దృష్టి వీటి మీద గట్టిగా పడింది. ఆ తర్వాత రెండు మూడేళ్లలోనే ఏసస్, ఎంఎస్‌ఐ, శాంసంగ్, ఎల్‌జీ, గిగాబైట్ వంటి సంస్థలు 27 అంగుళాల నుంచి 49 అంగుళాల దాకా మోడళ్లను మార్కెట్లోకి దించాయి. పెట్టెల మీద కనిపించే వివరాలన్నీ ఆటలకు సంబంధించినవే: 240 హెర్ట్జ్ వేగం (బొమ్మ సెకనుకు 240 సార్లు మారడం), 0.03 మిల్లీసెకన్ల స్పందన, కొలతకందని కాంట్రాస్ట్. కొనేవారి రోజు మాత్రం అలా గడవదు. పగలంతా అదే తెర మీద కోడ్ రాసి, ఎక్సెల్ పట్టికలు సరిచూసి, వీడియో కాల్స్‌లో కూర్చుని, రాత్రికి ఒకటి రెండు గంటలు ఆట ఆడుకునేవారు చాలామంది ఉన్నారు.

అలాంటివారు ఈ ఎంపికను పని వైపు నుంచి మొదలుపెట్టాలన్నది నా అభిప్రాయం. ఆట విషయంలో ఈనాటి ఓలెడ్ మానిటర్లలో దాదాపు ఏదీ నిరాశపరచదు. వాటి మధ్య తేడాలు ఉన్నా అవి మంచికీ మరింత మంచికీ మధ్య ఉండే తేడాలే. పని విషయంలో అలా కాదు. అక్షరాల స్పష్టత, గదిలోని వెలుతురు, గంటల తరబడి కదలకుండా నిలిచే బొమ్మ, ఈ మూడింటిలోనూ ఒక ఓలెడ్‌కు సరిపోయినది మరో ఓలెడ్‌కు సరిపోదు. కొందరికైతే ఏ ఓలెడ్ కూడా సరిపోదు.

వెలుగు పుట్టే చోటు

మామూలు ఎల్‌సీడీ మానిటర్‌లో తెర వెనుక ఒక బ్యాక్‌లైట్ ఎప్పుడూ వెలుగుతూ ఉంటుంది. దాని ముందున్న ద్రవ స్ఫటికాల పొర ప్రతి పిక్సెల్ దగ్గరా ఆ వెలుగును ఎంత వదలాలో, ఎంత ఆపాలో నిర్ణయిస్తుంది. పూర్తిగా ఆపడం దానికి సాధ్యం కాదు కనుక చీకటి గదిలో నలుపు బూడిదరంగుగా కనిపిస్తుంది. ఐపీఎస్ రకం ఎల్‌సీడీలలో తెలుపుకూ నలుపుకూ మధ్య నిష్పత్తి సుమారు 1000:1 ఉంటే, వీఏ రకంలో అది 3000:1 లేదా అంతకు కొంచెం పైన ఉంటుంది. ఓలెడ్‌లో బ్యాక్‌లైటే లేదు. విద్యుత్తు అందగానే తనంతట తానే వెలిగే సేంద్రియ పదార్థపు పలుచని పొర ప్రతి పిక్సెల్‌లోనూ ఉంటుంది. నలుపు కావలసినచోట ఆ పిక్సెల్ ఆరిపోతుంది. అమెరికాలోని ఈస్ట్‌మన్ కొడాక్ ప్రయోగశాలలో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు 1987లో ప్రచురించిన పరిశోధన ఈ సాంకేతికతకు పునాది వేసింది.

వెలగడానికీ ఆరడానికీ స్ఫటికాలు తిరగనవసరం లేదు కాబట్టి ఓలెడ్ పిక్సెల్ రంగు మారడానికి పట్టే సమయం లెక్కలోకి రానంత తక్కువ. ఎల్‌సీడీలో ఇదే పనికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. చీకటి దృశ్యాల్లో వీఏ ప్యానళ్లు వెనుక మసిలాంటి చారను వదలడానికి కారణం ఇదే. అయితే స్పందన వేగం ఒక్కటే కదలికలోని మసకను పోగొట్టదు. ఒక ఫ్రేమ్ తర్వాతి ఫ్రేమ్ వచ్చేదాకా తెర మీద కదలకుండా నిలుస్తుంది, మన కన్ను మాత్రం కదిలే వస్తువు వెంట సాగిపోతూనే ఉంటుంది; ఆ రెండింటికీ మధ్య ఏర్పడే తేడానే మసకగా కనిపిస్తుంది. 60 హెర్ట్జ్ దగ్గర ఒక ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్లు నిలిస్తే 240 హెర్ట్జ్ దగ్గర 4.2 మిల్లీసెకన్లు నిలుస్తుంది. సెకనుకు 1000 పిక్సెళ్ల వేగంతో కదిలే శత్రువు మొదటిదానిలో సుమారు 17 పిక్సెళ్ల మేర అలుక్కుపోతే రెండోదానిలో నాలుగు పిక్సెళ్ల దగ్గరే ఆగిపోతాడు. అందుకే 60 హెర్ట్జ్ ఓలెడ్ ఆటలకు పెద్ద ప్రయోజనం ఇవ్వదు, 240 హెర్ట్జ్ ఓలెడ్ మాత్రం అంతకంటే వేగమైన ఎల్‌సీడీలతో పోటీ పడుతుంది. ఆపైన 360, 480, 500 హెర్ట్జ్ మోడళ్లు కూడా ఉన్నాయి. వాలరెంట్, కౌంటర్-స్ట్రైక్ వంటి ఆటలను పోటీ స్థాయిలో ఆడేవారికి తప్ప ఇతరులకు ఆ అదనపు వేగం కోసం డబ్బు పెట్టవలసిన అవసరం నాకు కనిపించదు. ఆట గురించి ఇంతకంటే పెద్దగా తర్జనభర్జన అక్కర్లేదు.

అక్షరం దగ్గర వచ్చే చిక్కు

మానిటర్లు అమ్మే సంస్థలు డజన్ల కొద్దీ ఉన్నా, గేమింగ్ ఓలెడ్ ప్యానళ్లను పెద్ద ఎత్తున తయారుచేసేవి ప్రధానంగా రెండే, రెండూ దక్షిణ కొరియావే: ఎల్‌జీ డిస్‌ప్లే, శాంసంగ్ డిస్‌ప్లే. ఎల్‌జీ ప్యానల్‌లో తెల్లని వెలుగునిచ్చే ఓలెడ్ పొర ముందు రంగుల ఫిల్టర్లు ఉంటాయి; ప్రతి పిక్సెల్‌లోనూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల చిన్న భాగాలతో (సబ్‌పిక్సెళ్లతో) పాటు ఫిల్టర్ లేని తెల్ల సబ్‌పిక్సెల్ కూడా ఒకటి ఉంటుంది. దీన్ని డబ్ల్యూ-ఓలెడ్ అంటారు. శాంసంగ్ ప్యానల్‌లో నీలి వెలుగునిచ్చే పొర ఉంటుంది. ఎరుపు, ఆకుపచ్చ కావలసినచోట క్వాంటమ్ డాట్లు అనే అతిసూక్ష్మ కణాలు ఆ నీలాన్ని ఆయా రంగుల్లోకి మారుస్తాయి. దీని పేరు క్యూడీ-ఓలెడ్. ఫిల్టర్లలో వెలుగు వృథా కాదు గనుక ఎక్కువ కాంతి దగ్గర రంగుల నిండుతనం క్యూడీ-ఓలెడ్‌లో మెరుగు. రెండు వేర్వేరు బ్రాండ్ల మానిటర్లలో ఒకే ప్యానల్ ఉండడం సర్వసాధారణం కాబట్టి, మొదట ప్యానల్ ఏదో తెలుసుకుని ఆ తర్వాతే బ్రాండ్‌ను చూడడం మంచిది. బ్రాండ్‌ను బట్టి మారేవి స్టాండు, పోర్టులు, ఫ్యాన్ ఉండడం లేకపోవడం, సాఫ్ట్‌వేర్, వారంటీ మాత్రమే.

పనిచేసేవారికి ఈ రెండు ప్యానళ్ల లోపలి అమరిక ఎందుకు పట్టాలంటే, అక్షరాలను తెర మీద గీసే పద్ధతి దానితో ముడిపడి ఉంది. విండోస్‌లోని క్లియర్‌టైప్ అనే ఏర్పాటు ప్రతి పిక్సెల్‌లోనూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం నిలువు చారలు అదే వరుసలో పక్కపక్కన ఉంటాయని భావించి, ఆ చారలను విడివిడిగా వాడుకుంటూ అక్షరపు అంచులను నునుపు చేస్తుంది. ఎల్‌సీడీలలో సాధారణంగా అమరిక అలాగే ఉంటుంది. క్యూడీ-ఓలెడ్‌లో మూడు సబ్‌పిక్సెళ్లు త్రికోణంగా ఉంటాయి: ఆకుపచ్చ పైన, ఎరుపు, నీలం కింద. ఫలితంగా తెల్ల పేజీ మీది నల్ల గీతకు ఒక అంచున ఆకుపచ్చ ఛాయ, ఎదుటి అంచున గులాబీ ఛాయ తొంగిచూస్తాయి. డబ్ల్యూ-ఓలెడ్‌లో మధ్యన దూరిన తెల్ల సబ్‌పిక్సెల్ వల్ల నిలువు గీతల దగ్గర ఇలాంటి రంగు అంచే వస్తుంది; తర్వాత వచ్చిన కొన్ని ప్యానళ్లలో వరుసను మార్చి దీన్ని తగ్గించారు. ఆపిల్ సంస్థ 2018లో మొజావే విడుదలతో సబ్‌పిక్సెల్ ఆధారంగా అక్షరాలు గీయడాన్ని మానేసింది కనుక మ్యాక్ వాడేవారికి రంగు అంచు కొంత తక్కువగా కనిపిస్తుంది.

ఈ లోపాన్ని కప్పిపుచ్చగలిగేది పిక్సెళ్ల సాంద్రత ఒక్కటే. మామూలు చూపున్న కన్ను సుమారు ఒక ఆర్క్‌మినిట్ (డిగ్రీలో అరవయ్యో వంతు) కోణం దాకా వివరాన్ని విడదీసి చూడగలదని లెక్క. తెరకు 60 సెంటీమీటర్ల దూరంలో కూర్చుంటే ఆ కోణం 0.175 మిల్లీమీటర్లకు సమానం. 27 అంగుళాల 1440పి (2560×1440 పిక్సెళ్ల) మానిటర్‌లోనూ, 34 అంగుళాల వెడల్పు మానిటర్‌లోనూ అంగుళానికి దాదాపు 110 పిక్సెళ్లు ఉంటాయి, అంటే ఒక్కో పిక్సెల్ 0.23 మిల్లీమీటర్లు. రంగు అంచు అక్కడ కంటికి అందుతుంది. 32 అంగుళాల 4కె (3840×2160 పిక్సెళ్ల) మానిటర్‌లో సాంద్రత 140, పిక్సెల్ 0.18 మిల్లీమీటర్లకు దిగి సరిగ్గా సరిహద్దు మీద నిలుస్తుంది. 2025లో వచ్చిన 27 అంగుళాల 4కె ఓలెడ్‌లలో సాంద్రత 166, పిక్సెల్ 0.15 మిల్లీమీటర్లు, కూర్చున్న దూరం నుంచి రంగు అంచును చూడాలంటే పనిగట్టుకుని వెతకాలి.

తెలుగులో చదివేవారికీ రాసేవారికీ ఈ లెక్క ఇంకొంచెం కఠినంగా వర్తిస్తుంది. మన అక్షరం నిలువు కాళ్ల మీద నిలబడేది కాదు, వంపులతో అల్లుకున్నది. ప్రతి వంపులోనూ పై అంచు, కింది అంచు, పక్క అంచులు అన్నీ ఉంటాయి గనుక ఏ రకపు ప్యానల్‌లోనైనా రంగు అంచు ఎక్కడో ఒకచోట తగులుతుంది. పైగా ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ వంటి మాటల్లో గుణింతం, అక్షరం, కింద వత్తులు ఒకదాని మీద ఒకటి ఒకే వరుస ఎత్తులో సర్దుకోవాలి. ధ, థ అక్షరాలను వేరుచేసేది లోపలి చుక్క ఒక్కటే. పత్రికల్లో పేజీలు పెట్టేవారు, ప్రూఫులు దిద్దేవారు, అనువాదకులు, తెలుగులో ఉపశీర్షికలు రాసేవారు 110 సాంద్రత ఉన్న ఓలెడ్‌ను పనికోసం తీసుకోవద్దనే చెబుతాను. అదే సాంద్రత ఉన్న ఐపీఎస్ వారికి మెరుగైన తెర. ఓలెడ్ కావాలనుకుంటే 4కె నుంచే లెక్క మొదలుపెట్టాలి. మొత్తం పని నల్లని నేపథ్యం మీద కోడ్ రాయడమే అయితే, అక్షరం సైజు కొంచెం పెంచుకుని 1440పితో సరిపెట్టుకునేవారూ ఉంటారు. అది కన్ను ఎంత పట్టింపుగలదన్న దాన్ని బట్టి ఉంటుంది.

తయారీదారులు ఈ ఫిర్యాదును వినకపోలేదు. శాంసంగ్ డిస్‌ప్లే, ఎల్‌జీ డిస్‌ప్లే రెండూ 2026 సీఈఎస్ ఎలక్ట్రానిక్స్ ప్రదర్శన నాటికి ఎరుపు, ఆకుపచ్చ, నీలం సబ్‌పిక్సెళ్లను నిలువు చారలుగా అమర్చిన గేమింగ్ ప్యానళ్లను ప్రకటించాయి. శాంసంగ్‌ది 34 అంగుళాల వెడల్పు తెర, ఎల్‌జీది 27 అంగుళాల 4కె. అక్షరాలతో రోజంతా గడిపేవారు తొందర లేకపోతే ఈ రకం ప్యానళ్లున్న మోడళ్ల కోసం ఆగడం తెలివైన పని.

కదలని బొమ్మ, అరిగే తెర

ఓలెడ్ పేరెత్తగానే అందరూ అడిగేది బర్న్-ఇన్ గురించి. పేరులో కాలడం ఉన్నా ఇక్కడ జరిగేది అరుగుదల. సేంద్రియ పదార్థం వెలిగిన ప్రతి గంటకూ కొద్దికొద్దిగా శక్తిని కోల్పోతుంది. ఎంత ప్రకాశంగా వెలిగితే, ఎంత వేడెక్కితే అంత త్వరగా కోల్పోతుంది. తెరంతా సమంగా అరిగితే మనకు తెలియదు. ఒకచోట ఎక్కువ, పక్కన తక్కువ అరిగినప్పుడే ఆ రెండింటి మధ్య గీత బయటపడుతుంది. సంవత్సరాల తరబడి ఒకేచోట వేలాడిన క్యాలెండర్‌ను తీసేస్తే, చుట్టూ వెలిసిన గోడ మధ్య దాని చదరం ఎలా కనిపిస్తుందో ఇదీ అలాంటిదే. కాసేపు ఆగితే పోయే తాత్కాలిక నీడ వేరు. దానికి భయపడనవసరం లేదు. పదార్థం అరిగి ఏర్పడిన మచ్చ మాత్రం తిరిగి పోదు.

ఆట ఆడేవారి తెర మీద బొమ్మ నిరంతరం మారుతూ ఉంటుంది కనుక, ఒకే ఆటను నెలల తరబడి రోజూ గంటల కొద్దీ ఆడితే తప్ప ఈ ప్రమాదం తక్కువ. పని తెర మీద పరిస్థితి తలకిందులు. టాస్క్‌బార్ పొద్దున్నుంచి సాయంత్రం దాకా కదలదు. ఎక్సెల్‌లో పై రిబ్బన్ కదలదు. రెండు విండోలను సగం సగం పెట్టుకునే అలవాటున్నవారికి సరిగ్గా మధ్యలో నిలువు గీత ఒకటి స్థిరంగా ఉంటుంది. హార్డ్‌వేర్ అన్‌బాక్స్‌డ్ అనే ఆస్ట్రేలియా సమీక్షకులు 2024 నుంచి ఒక 32 అంగుళాల 4కె క్యూడీ-ఓలెడ్‌ను కావాలనే జాగ్రత్తలు పాటించకుండా పూర్తిగా ఆఫీసు పనికి వాడి, ఎప్పటికప్పుడు ఫలితాలు ప్రకటిస్తూ వచ్చారు. కొన్ని నెలలకే ఆ మధ్య గీత, టాస్క్‌బార్ జాడలు బూడిదరంగు తెర మీద లీలగా కనిపించడం మొదలైంది. మామూలు వాడుకలో అవి కంటికి పెద్దగా ఆనవనీ వారే చెప్పారు. దీన్నుంచి నేను గ్రహించేదేమంటే, పనికి వాడిన ఓలెడ్ మీద జాడ పడడం ఖాయం, ప్రశ్నల్లా అది మనల్ని ఇబ్బంది పెట్టే స్థాయికి ఎన్నేళ్లకు చేరుతుందన్నదే. మానిటర్‌ను పదేళ్లు వాడే అలవాటున్న ఇంటికి ఆ జవాబు నచ్చకపోవచ్చు.

అరుగుదలను నెమ్మదింపజేసే మార్గాలు సులువైనవే. టాస్క్‌బార్‌ను దానంతటదే దాక్కునేలా పెట్టడం, డార్క్ మోడ్ వాడడం, తెర ఆరే వ్యవధిని అయిదు నిమిషాలకు తగ్గించడం, పని వేళల్లో ప్రకాశాన్ని గదికి సరిపడినంతకే కుదించడం, వీటిలో చివరిదే అన్నిటికంటే ఎక్కువ మేలు చేస్తుంది. చిక్కెక్కడంటే, ఆఫీసు ఇచ్చిన ల్యాప్‌టాప్‌ను ఈ మానిటర్‌కు తగిలిస్తే ఆ సెట్టింగులు చాలాసార్లు కంపెనీ ఐటీ విభాగం చేతిలో ఉంటాయి, మన చేతిలో కాదు. టీమ్స్‌లో పేరు పక్కన పచ్చచుక్క ఆరిపోకుండా మౌస్‌ను కదిలిస్తూ ఉండే చిన్న సాధనాలు వాడేవారైతే, ఓలెడ్ తెర తమ కోసం ఆ మూల్యాన్ని చెల్లిస్తోందని గుర్తుంచుకోవాలి.

మన ఇళ్లకు సంబంధించిన మరో సంగతి మాన్యువల్‌లో ఎక్కడో అడుగున ఉండిపోతుంది. ఓలెడ్ మానిటర్ కొన్ని గంటల వాడకం తర్వాత, సాధారణంగా నాలుగు గంటలకొకసారి, స్టాండ్‌బైలో ఉన్నప్పుడు ప్యానల్‌ను తనంతట తానే సరిచేసుకునే ప్రక్రియను నడుపుతుంది. పిక్సెళ్ల మధ్య వచ్చిన తేడాలను కొలిచి, వాటికిచ్చే విద్యుత్తును సర్దుబాటు చేస్తుంది. దీనికి కొన్ని నిమిషాలు పడుతుంది. పని అయిపోగానే గోడ మీది స్విచ్ కట్టేయడం మనకు చిన్నప్పటి నుంచీ అలవాటైన పొదుపు. అలా కట్టేస్తే ఆ ప్రక్రియకు కరెంటు అందదు. మానిటర్‌ను దాని బటన్‌తో ఆపి, పది పదిహేను నిమిషాలు ఆగి, ఆ తర్వాత స్విచ్ ఆపితే పొదుపూ మిగులుతుంది, తెరా మిగులుతుంది. కరెంటు తరచుగా పోయే ఊళ్లలో యూపీఎస్ ఉండడం మేలు.

వారంటీ ఇక్కడే అసలు విలువను చూపిస్తుంది. డెల్, ఎంఎస్‌ఐ, ఏసస్ వంటి సంస్థలు చాలా ఓలెడ్ మోడళ్లకు ఇచ్చే మూడేళ్ల వారంటీలో బర్న్-ఇన్‌ను కూడా చేర్చాయి. కానీ షరతులు దేశాన్ని బట్టి, మోడల్‌ను బట్టి మారతాయి. ‘ప్యానల్ వారంటీ’ అని రాసి ఉన్నంత మాత్రాన బర్న్-ఇన్ అందులో ఉందని అనుకోకూడదు. కొనే ముందు ఆ మాట స్పష్టంగా ఉన్న కాగితాన్ని గానీ, సంస్థ వెబ్‌సైట్ పేజీని గానీ చూసి దాచుకోవాలి. డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో వచ్చే బంధువుల చేత తక్కువ ధరకు తెప్పించుకునేవారు ఈ ఒక్క కారణంగా మరోసారి ఆలోచించాలి: అక్కడ కొన్న మానిటర్‌కు ఇక్కడ సేవ దొరకకపోతే, మిగిలిన డబ్బు మచ్చపడిన ప్యానల్ ముందు ఏపాటిదీ కాదు.

గది వెలుతురు

ఓలెడ్ మానిటర్ల ప్రకాశాన్ని 1000 నిట్స్ (తెర వెలుగు కొలత) అని ప్రకటించడం ఆనవాయితీ. ఆ అంకె నిజమే, కానీ తెరలో మూడు శాతం వంటి చిన్న భాగం మెరిసినప్పుడు మాత్రమే నిజం. తెరంతా తెల్లగా ఉన్నప్పుడు వేడినీ కరెంటునూ అదుపులో ఉంచడానికి మానిటర్ తన ప్రకాశాన్ని తగ్గించుకుంటుంది. చాలా క్యూడీ-ఓలెడ్‌లలో అది 250 నిట్స్ దగ్గర ఆగుతుంది. ఆటలో చీకటి గుహలో వెలిగే కాగడాకు 1000 నిట్స్ అద్భుతంగా పనికొస్తాయి, తెల్లని వర్డ్ పేజీకి పనికొచ్చేది ఆ 250 మాత్రమే. ట్యూబ్‌లైట్ ఉన్న గదిలో 120 నుంచి 200 నిట్స్ ఎలాగూ చాలు గనుక ఇది లోపం కాదు. పడమటి కిటికీ నుంచి ఎండ నేరుగా తెర మీద పడే గదిలో మాత్రం ఇబ్బందే. తొలి డబ్ల్యూ-ఓలెడ్ మోడళ్లలో విండోను పెద్దది చేస్తే తెర మసకబారి, చిన్నది చేస్తే వెలుగు పెరిగేది. పనిలో ఇది ఎంత చిరాకో అనుభవించినవారికే తెలుస్తుంది. సమ ప్రకాశం అనే సెట్టింగ్ ఉందా లేదా అన్నది అందుకే అడిగి తెలుసుకోవాలి.

వెలుతురుకు సంబంధించి క్యూడీ-ఓలెడ్‌లో ఇంకో స్వభావం ఉంది. దానిలో బయటి వెలుతురు ప్రతిఫలించకుండా ఆపే ధ్రువణ పొర ఉండదు గనుక గదిలోని వెలుతురు లోపలికి చొరబడి నలుపును ఊదా కలిసిన బూడిదరంగుగా మారుస్తుంది. ఏ నలుపు కోసం డబ్బు పెట్టామో అది పగటిపూట కనిపించదు. లైట్లు ఆర్పి ఆడుకునేవారికి ఈ సమస్యే లేదు. తెల్లగోడలు, నడినెత్తిన లైటు ఉన్న హాల్లో పనిచేసేవారికి డబ్ల్యూ-ఓలెడ్ మెరుగు. పైగా క్యూడీ-ఓలెడ్ పై పూత మెత్తన. చొక్కా కొసతో తుడిచే అలవాటు దానిమీద గీతలు మిగులుస్తుంది.

వెలుగునీడల మధ్య తేడాను పెంచి చూపే హెచ్‌డీఆర్ గురించి ఒక్క మాట చాలు: పని వేళల్లో దాన్ని ఆపి, ఆట లేదా సినిమా మొదలుపెట్టేటప్పుడు విండోస్, ఆల్ట్, బీ కీలను కలిపి నొక్కి తెరవడం నేటికీ అన్నిటికంటే నిశ్చింతైన పద్ధతి. ఫొటోలు, డిజైన్లు చేసేవారు మానిటర్‌లో రంగులను మామూలు తెరల పరిధికి కుదించే ఎస్‌ఆర్‌జీబీ మోడ్ ఉందో లేదో చూడాలి. అది లేకపోతే ఓలెడ్ విస్తారమైన రంగులు ముఖాలను కూడా ఎర్రగా చూపిస్తాయి, ఆ తెర మీద దిద్దిన బొమ్మ ఇతరుల తెర మీద వెలవెలబోతుంది.

ఆటలో ఎదురయ్యే ఒక లోపాన్ని కూడా చెప్పకుండా వదలలేను. ఫ్రేమ్‌ల వేగాన్ని బట్టి తెర వేగాన్ని మార్చే వీఆర్‌ఆర్ పనిచేస్తున్నప్పుడు, ఫ్రేమ్‌ల వేగం ఒక్కసారిగా పడిపోతే చీకటి దృశ్యాల్లోనూ లోడింగ్ తెరల్లోనూ సన్నని మినుకు కనిపిస్తుంది. ప్యానల్ గామాను (ముదురు, లేత ఛాయల ప్రకాశపు సర్దుబాటును) నిర్ణీత వేగానికి సరిచేసి పెడతారు, ఆ వేగం ఎగుడుదిగుడైతే ముదురు రంగుల ప్రకాశం కూడా ఊగుతుంది. మానిటర్‌ను వెనక్కి పంపే ముందు, ఆటలో ఫ్రేమ్‌లకు గరిష్ఠ పరిమితి పెట్టి వేగాన్ని నిలకడగా ఉంచి చూడాలి, చాలావరకు సర్దుకుంటుంది.

కార్డు, కేబుల్, కొలత

4కె తెరలో దాదాపు 83 లక్షల పిక్సెళ్లు, 1440పి తెరలో 37 లక్షల పిక్సెళ్లు ఉంటాయి. అక్షరాల కోసం 4కె ఎంచుకున్నవారి గ్రాఫిక్స్ కార్డు ఆటలో రెండింతలకు పైగా శ్రమ పడాలి. తక్కువ పిక్సెళ్లతో గీసిన బొమ్మను పెంచి చూపే డీఎల్‌ఎస్‌ఎస్, ఎఫ్‌ఎస్‌ఆర్ వంటి అప్‌స్కేలింగ్ పద్ధతులు ఈ భారాన్ని బాగా తగ్గిస్తున్నాయి కాబట్టి, మధ్యస్థ స్థాయి కార్డు ఉన్నంత మాత్రాన 4కెను వదులుకోనవసరం లేదు. 4కెను 240 హెర్ట్జ్‌తో నడపడానికి సెకనుకు సుమారు 60 గిగాబిట్ల సమాచారం పంపాలి, డిస్‌ప్లేపోర్ట్ 1.4 కనెక్షన్ మోయగలిగేది 26 గిగాబిట్లే. మిగిలినదాన్ని డీఎస్‌సీ అనే కుదింపు సర్దుతుంది, దాని తేడాను కంటితో పసిగట్టడం దాదాపు అసాధ్యం. డిస్‌ప్లేపోర్ట్ 2.1 ఉందన్న ఒక్క కారణంతో ఎక్కువ ధర చెల్లించవద్దు. ప్లేస్టేషన్ 5 లేదా ఎక్స్‌బాక్స్ కూడా తగిలించేవారికి హెచ్‌డీఎంఐ 2.1 ఉండాలి, ఆ కన్సోళ్లు 21:9 వెడల్పును వాడుకోలేవు, 34 అంగుళాల తెర మీద ఇరువైపులా నల్ల పట్టీలు వదులుతాయి. ఆ పట్టీలు కూడా అసమానంగా అరగడానికి దారితీసేవే.

ఆఫీసు ల్యాప్‌టాప్, సొంత కంప్యూటర్ రెండింటికీ ఒకే మానిటర్ వాడేవారికి ఒకే కీబోర్డు, మౌస్‌తో రెండు కంప్యూటర్లను నడిపించే కేవీఎం, 90 వాట్ల ఛార్జింగ్ ఇచ్చే యూఎస్‌బీ-సీ పోర్టు రోజూ ఉపయోగపడతాయి. ఒకే ప్యానల్ ఉన్న రెండు బ్రాండ్ల మధ్య తేల్చుకోలేనప్పుడు నేనైతే వీటినే చూస్తాను.

ఇక ఎవరికి ఏదన్నది. పగలు కోడ్, రాత్రి ఆట అయితే 27 లేదా 32 అంగుళాల 4కె ఓలెడ్‌లలో ఒకటి. దగ్గరగా కూర్చునేవారికి 27, కథ ప్రధానమైన ఆటలు ఇష్టపడేవారికి 32. సాయంత్రం ఆటే ప్రధానం, పని వేరే తెర మీద జరుగుతుందంటే 27 అంగుళాల 1440పి ఓలెడ్ తక్కువ ధరలో పూర్తి ఆనందాన్నిస్తుంది. పట్టికలు, ఖాతాలు, పేజీ డిజైన్, ప్రూఫులతో రోజుకు పది గంటలు తెల్ల తెర ముందు గడిపేవారు, తర్వాత ఆట ఎంత బాగున్నా, పనికోసం ఐపీఎస్‌నే ఉంచుకోవాలి. ఆట కూడా కావాలంటే భాగాలుగా వెలిగి ఆరే మినీ-ఎల్‌ఈడీ బ్యాక్‌లైట్ ఉన్న ఎల్‌సీడీ ఒక మధ్యేమార్గం, అయితే నల్లని నేపథ్యం మీద తెల్లని వస్తువు చుట్టూ వెలుగు వలయాన్ని భరించాలి. బల్ల మీద చోటుంటే పాత ఐపీఎస్‌ను అమ్మకుండా పక్కన పెట్టుకుని, స్థిరమైన పట్టికలను దాని మీదికి, కదిలే బొమ్మలను ఓలెడ్ మీదికి పంచడం అన్నిటికంటే చవకైన పరిష్కారం.

షోరూముల్లో నడిపే వీడియోలు ఓలెడ్‌ను మెప్పించడానికే తయారైనవి, వాటిని చూసి ఏదీ తేల్చుకోలేం. సొంత ల్యాప్‌టాప్‌ను వెంట తీసుకెళ్లి, రోజూ చదివే తెలుగు పత్రిక పేజీని, రోజూ తెరిచే ఎక్సెల్ ఫైలును ఆ మానిటర్ మీద పెట్టి, ఇంట్లో కూర్చునే దూరంలోనే కూర్చుని పావుగంట చదవనిస్తే చదవాలి. అందుకు ఒప్పుకోని దుకాణమైతే, తిరిగి ఇచ్చే గడువు ఉన్నచోట కొని, ఆ గడువులోపే ఇదే పరీక్షను ఇంటి లైట్ల కింద పగలు ఒకసారి, రాత్రి ఒకసారి చేయాలి.